ముగ్గురు అలన్ జోన్సులు, ఇద్దరు జాక్ హెర్న్‌లు

1980 నాటి వేల్స్‌లోని గ్లామోర్గన్ కౌంటీ క్రికెట్ జట్టు జాబితా చేతికిస్తే ఎవరైనా ఒక్క క్షణం తడబడతారు. ఎ. జోన్స్. ఎ.ఎల్. జోన్స్. ఎ.ఎ. జోన్స్. ఇ.డబ్ల్యూ. జోన్స్. చివరాయన సంగతి తేలికే: ఐవియన్ అనే వికెట్‌కీపర్. మిగిలిన ముగ్గురూ అలన్ జోన్సులే. ఇంగ్లీషులో ఒకాయన పేరులో 'ఎల్' అక్షరం రెండుసార్లు వస్తుంది. తెలుగులో రాస్తే ఆ కాస్త తేడా కూడా మిగలదు.

పాత స్కోర్‌కార్డులు చదవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఒకసారి ఒక ఎడమచేతివాటం ఓపెనర్ కెరీర్ గురించి రాసుకుంటూ రెండు మూడు సీజన్ల పరుగులు తప్పు మనిషి ఖాతాలో వేసేశాను. నేను చూసిన వెబ్‌సైట్‌లో 'జోన్స్, గ్లామోర్గన్, ఎడమచేతివాటం ఓపెనర్' అని ఉంది. అంతకన్నా ఏం గుర్తు కావాలనుకున్నాను. తరువాత తెలిసింది, ఆ మూడు గుర్తులూ ఇద్దరికి సరిపోతాయని. అప్పటి నుంచి ఈ ఒకే పేరువాళ్ల చిక్కు మీద నాకు పట్టుదల పెరిగింది. చూడ్డానికి ఇది గణాంకాల చిక్కులా ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ వేల్స్ దేశపు పేర్ల పద్ధతి, ఇంగ్లండ్‌లోని వర్గ భేదం, క్రికెట్ పాలకుల ఒక నిర్ణయం, అన్నీ బయటపడతాయి.

ముందు వేల్స్ సంగతి చూద్దాం. అక్కడ ఒకప్పుడు ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే గుర్తు. రీస్ కొడుకైతే 'అప్ రీస్', హౌవెల్ కొడుకైతే 'అప్ హౌవెల్'. ఇంగ్లీషు పాలన, ఇంగ్లీషు దస్తావేజులు వచ్చాక ఆ తండ్రి పేర్లే గడ్డకట్టి ఇంటిపేర్లయ్యాయి. అప్ రీస్ ప్రైస్ అయ్యాడు, అప్ హౌవెల్ పవెల్ అయ్యాడు, జాన్ కొడుకు జోన్స్ అయ్యాడు. ఆ కాలంలో వాడుకలో ఉన్న మగపిల్లల పేర్లు కొన్నే కాబట్టి తేలిన ఇంటిపేర్లూ కొన్నే. జోన్స్, విలియమ్స్, డేవిస్, ఎవన్స్, థామస్ అని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సంప్రదాయ వెల్ష్ అక్షరమాలలో 'జె' అనే అక్షరమే లేదు. అయినా ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే ఇంటిపేరు జోన్స్.

మన ఊళ్లో ముగ్గురు సుబ్బారావులుంటే ఇంటిపేరు పట్టుకుని విడదీస్తాం. వేల్స్‌లో పేరూ కలుస్తుంది, ఇంటిపేరూ కలుస్తుంది. అందుకే జనం వృత్తిని పట్టుకున్నారు. పాలు పోసే జోన్స్ పాల జోన్స్ అయ్యాడు. ఇంగ్లీషులో వాళ్లు అలాగే, 'జోన్స్ ద మిల్క్' అంటారు. ఊళ్లో అది సరిపోతుంది. స్కోర్‌కార్డు మీద సరిపోదు. అక్కడ ఉన్నవి పొడి అక్షరాలే.

ఇక మన ముగ్గురి దగ్గరికి వద్దాం. మొదటి అలన్ 1938 నవంబరు 4న స్వాన్సీ దగ్గరి వెలిండ్రెలో పుట్టారు. 1957లో గ్లామోర్గన్‌కు ఆడడం మొదలుపెట్టి 1983 దాకా ఆడారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 36,049 పరుగులు, 56 సెంచరీలు. 1961 నుంచి 1983 దాకా వరుసగా 23 సీజన్లలో వెయ్యి పరుగులు దాటారు. ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. తడి పిచ్‌లు, చలి ఉదయాలు, వారానికి ఆరు రోజుల ఆట, ఇరవై మూడేళ్లలో ఒక్క ఏడాదైనా వేలు విరగడమో ఫామ్ పోవడమో జరగాలి. ఆయన ఒక్క సీజన్ కూడా వెయ్యికి తగ్గలేదు. 1969లో గ్లామోర్గన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కౌంటీ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు పైన ఈయన ఓపెనర్, వికెట్ల వెనక తమ్ముడు ఐవియన్. 1972లో వెస్టిండీస్ ఆటగాడు రాయ్ ఫ్రెడరిక్స్‌తో కలిసి స్వాన్సీలో నార్తాంప్టన్‌షైర్ మీద మొదటి వికెట్‌కు 330 పరుగులు జోడించారు.

రెండో ఆయన అలన్ లూయిస్ జోన్స్, ఎ.ఎల్. పుట్టింది 1957లో. అంటే పెద్ద అలన్ కౌంటీలో అడుగుపెట్టిన ఏడాదే. 1973లో పదహారేళ్ల వయసులో అదే గ్లామోర్గన్‌కు ఆడారు. ఎడమచేతివాటం, టాప్ ఆర్డర్. పదేళ్ల పాటు తన పేరే ఉన్న పెద్దాయనతో ఒకే డ్రెస్సింగ్ రూమ్ పంచుకున్నారు. పెద్దాయన తప్పుకున్న తరువాతి ఏడాది, 1984లో, ఈయన తన కెరీర్‌లోకెల్లా మంచి సీజన్ ఆడారు. 1986తో ఆట ముగిసింది. నేను పొరపాటు పడింది ఈ ఇద్దరి దగ్గరే.

కార్డు మీద పెద్దాయన ఒట్టి 'ఎ. జోన్స్'. ఆయనకు ఇంకో అక్షరం అక్కర్లేదు, ముందు వచ్చినవాడు కాబట్టి. తరువాత వచ్చినవాడే ఒక అక్షరం అదనంగా మోయాలి. ఎవరూ నియమంగా రాసి పెట్టలేదు గానీ ఒకే పేరువాళ్ల కథల్లో దాదాపు అన్నిచోట్లా ఇదే జరుగుతుంది. విడిగా గుర్తు పెట్టుకోవాల్సిన భారం చిన్నవాడి మీదే పడుతుంది.

మూడో ఆయన అలన్ ఆర్థర్ జోన్స్, ఎ.ఎ. ఆయనకు వేల్స్‌తో పుట్టుక సంబంధం లేదు. 1947లో సర్రేలోని హోర్లీలో పుట్టిన ఫాస్ట్ బౌలర్. ససెక్స్, సోమర్‌సెట్, మిడిల్‌సెక్స్, చివరగా 1980, 81 సీజన్లలో గ్లామోర్గన్. నాలుగు కౌంటీలకు ఆడిన తొలి క్రికెటర్ ఆయనే. మిడిల్‌సెక్స్ 1976లో చాంపియన్‌షిప్ గెలిచి, 1977లో కెంట్‌తో పంచుకున్నప్పుడు ఆ జట్టులో ఉన్నారు. ఆట మానేశాక తెల్ల కోటు వేసుకుని ఏళ్ల తరబడి అంపైర్‌గా నిలబడ్డారు. ఈయన్ని విడదీయడం సులభం: బౌలర్, ఇంగ్లీషాయన, ఆ జట్టులో ఉన్నది రెండేళ్లే. అయినా 1980 నాటి కార్డులో 'ఎ.ఎ.', 'ఎ.ఎల్.' పక్కపక్కన పడితే అచ్చులో ఒక్క అక్షరం తప్పినా ఒకరి వికెట్లు ఇంకొకరికి పోతాయి.

పెద్ద అలన్ జోన్స్ జీవితంలో పేరు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. 1970లో దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లండ్‌కు రావాలి. వర్ణవివక్షకు వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం లేచింది. మే నెలలో పర్యటన రద్దయింది. ఖాళీ అయిన వేసవిని నింపడానికి గ్యారీ సోబర్స్ కెప్టెన్‌గా 'రెస్ట్ ఆఫ్ ద వరల్డ్' జట్టును పోగుచేసి ఐదు మ్యాచ్‌ల సిరీస్ పెట్టారు. అప్పట్లో వాటిని టెస్టులనే అన్నారు, ఆడినవాళ్లు టెస్టులనే అనుకుని ఆడారు. జూన్‌లో లార్డ్స్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో అలన్ జోన్స్ ఇంగ్లండ్ ఓపెనర్‌గా దిగారు. ముప్పయ్యొకటో ఏట దొరికిన అవకాశం. మొదటి ఇన్నింగ్స్‌లో 5, రెండో దానిలో 0. రెండుసార్లూ బౌలర్ మైక్ ప్రోక్టర్, రెండుసార్లూ వికెట్ల వెనక క్యాచ్ పట్టింది మన ఫరూఖ్ ఇంజనీర్. సోబర్స్ మొదటి ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీసి, 183 పరుగులు కొట్టిన మ్యాచ్ అది. ఇంగ్లండ్ ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. జోన్స్‌ను మళ్లీ పిలవలేదు.

1972లో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆ సిరీస్ టెస్టు క్రికెట్ కాదని తేల్చింది. మిగతా చాలామందికి దానివల్ల కొన్ని పరుగులో కొన్ని వికెట్లో తగ్గాయి. అలన్ జోన్స్‌కు మాత్రం టెస్టు ఆటగాడన్న మాటే పోయింది. ఆ ఒక్క మ్యాచే ఆయన టెస్టు జీవితం మరి. టెస్టు ఆడకుండా అత్యధిక ఫస్ట్‌క్లాస్ పరుగులు చేసిన ఆటగాడన్న రికార్డు ఆయన పేరు పక్కన చేరింది. ఎవరూ కోరుకోని రికార్డు. ఇంగ్లండ్ టోపీ ఇంట్లో ఉంది. ఆడిన మ్యాచ్ మాత్రం లెక్కలో లేదు. ఈ నిర్ణయంలో అన్యాయం ఉందని నా అభిప్రాయం. ఆట నియమాలు మారవచ్చు గానీ, ఆడించేటప్పుడు టెస్టు అని చెప్పి ఆడించి, రెండేళ్ల తరువాత కాదనడం ఆటగాడి తప్పు కాదుగదా.

పొడి అక్షరాల వెనక ఉన్న వర్గ భేదం అర్థం కావాలంటే ఇంకా వెనక్కి, మిడిల్‌సెక్స్‌కు వెళ్లాలి. అక్కడ ఇద్దరు జాక్ హెర్న్‌లు. జాన్ థామస్ హెర్న్ 1867లో బకింగ్‌హామ్‌షైర్‌లోని చాల్‌ఫాంట్ సెయింట్ జైల్స్‌లో పుట్టి 1944లో అక్కడే పోయారు. జాన్ విలియం హెర్న్ 1891లో పుట్టి 1965లో పోయారు. దూరపు చుట్టాలు. ఇద్దరూ జాక్‌లే, ఇద్దరూ మిడిల్‌సెక్సే, ఇద్దరూ ఇంగ్లండ్‌కు టెస్టులు ఆడినవారే. 1909 నుంచి 1914 దాకా ఒకే జట్టులో కలిసి ఆడారు.

ఆ రోజుల కార్డులో డబ్బు తీసుకోకుండా ఆడే పెద్దమనుషుల పేరు ముందు 'మిస్టర్', పొడి అక్షరాలు. మిడిల్‌సెక్స్ కెప్టెన్ వార్నర్ అయితే 'మిస్టర్ పి.ఎఫ్. వార్నర్'. కూలీ తీసుకుని ఆడే ప్రొఫెషనల్‌కు ఒట్టి ఇంటిపేరే: 'హెండ్రెన్'. అంతే. వాళ్ల డ్రెస్సింగ్ గదులు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు కూడా వేరు. మరి ఇంటిపేరు ఒకటే అయిన ఇద్దరు ప్రొఫెషనల్స్ ఉంటే? అప్పుడు తప్పదు కాబట్టి పొడి అక్షరాలు వేసేవారు. వేసినా ముందు కాదు, ఇంటిపేరు తరువాత, బ్రాకెట్లలో: హెర్న్ (జె.టి.), హెర్న్ (జె.డబ్ల్యూ.). పేరు ముందు అక్షరాలుంటే దొర, వెనక ఉంటే జీతగాడు. లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్ ప్రొఫెషనల్ ఫ్రెడ్ టిట్మస్ కుర్రాడిగా ఆడుతున్న రోజుల్లో లౌడ్‌స్పీకర్‌లో ఒక సవరణ వినిపించింది: మీ కార్డులో 'ఎఫ్.జె. టిట్మస్' అని ఉన్నచోట 'టిట్మస్, ఎఫ్.జె.' అని చదువుకోండి అని. అక్షరాలవే, చోటు మాత్రం మార్చి మరీ చెప్పారు. 1962 నవంబరులో ఆ భేదాన్ని రద్దు చేసేదాకా ఇది ఇలాగే నడిచింది.

పొడి అక్షరాల చిక్కు మనవాళ్లకూ ఉంది. 1936లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన భారత జట్టులో నాయుడులు ఇద్దరున్నారు, సి.కె., సి.ఎస్. అన్నదమ్ములు. అక్కడివాళ్లు నాయుడు అన్నదాన్ని ఇంటిపేరుగా, ముందున్న 'సి'ని ఎవరి పేరుకో గుర్తుగా తీసుకుంటారు. తెలుగువాడికి తెలుసు, ఇద్దరికీ ఒకటే ఉన్న ఆ 'సి' కొఠారి, వాళ్ల ఇంటిపేరు అని.

మళ్లీ మిడిల్‌సెక్స్‌కు వస్తే, పెద్ద జాక్ హెర్న్, అంటే జె.టి., మీడియం పేస్ బౌలర్. ఫస్ట్‌క్లాస్‌లో 3,061 వికెట్లు. ఈ జాబితాలో ఆయన కన్నా పైన ముగ్గురే ఉన్నారు. 1896లో జూన్ 12 నాటికే వంద వికెట్లు పూర్తి చేశారు, సీజన్ ముగిసేసరికి 257. 1899లో హెడింగ్లీలో ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్: క్లెమ్ హిల్, సిడ్ గ్రెగరీ, మాంటీ నోబుల్. చలికాలాల్లో పాటియాలా మహారాజు కొలువులో క్రికెట్ శిక్షకుడిగా మన దేశానికి వచ్చేవారు. 1920లో మిడిల్‌సెక్స్ కమిటీకి ఎన్నికయ్యారు. ఆ కమిటీలో కూర్చున్న తొలి ప్రొఫెషనల్ ఆయనే. వేరే గేటు గుండా మైదానంలోకి వచ్చిన మనిషికి ఆ కుర్చీ మామూలు విషయం కాదు.

ఈ కుటుంబం ఎంత పెద్దదంటే, 1892 మార్చిలో కేప్‌టౌన్‌లో జరిగిన ఒక్క టెస్టులోనే నలుగురు హెర్న్‌లు ఆడారు. ఇంగ్లండ్ తరఫున అన్నదమ్ములు అలెక్, జార్జ్, వాళ్ల చుట్టం జె.టి. ఎదురుగా దక్షిణాఫ్రికా తరఫున మూడో అన్నదమ్ముడు ఫ్రాంక్, అంతకుముందు ఇంగ్లండ్‌కు ఆడినాయన. ఆ కార్డును అక్షరాలు లేకుండా చదవడం ఎవరివల్లా కాదు.

జె.డబ్ల్యూ.ను అందరూ 'యంగ్ జాక్' అన్నారు. డెబ్బై నాలుగేళ్లు బతికిన మనిషికి ఆ 'కుర్ర' పోలేదు. నిజానికి ఆయన సాధించింది తక్కువేమీ కాదు. 1911 డిసెంబరులో సిడ్నీలో మొదటి టెస్టు, 76, 43. తరువాతి టెస్టులో, మెల్‌బోర్న్‌లో 114, అప్పటికి ఇరవై ఒకటి కూడా నిండలేదు. లెగ్‌బ్రేక్, గూగ్లీ వేసేవారు. కెరీర్ మొత్తంలో 37 వేలకు పైగా పరుగులు, 1,800కు పైగా వికెట్లు. 1928లో లార్డ్స్‌లో వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ కొట్టిన స్ట్రెయిట్ డ్రైవ్ చేతికి తగిలి వేలు దెబ్బతింది. ఆ సీజన్‌లో మళ్లీ ఆడలేకపోయారు. పెద్దాయన 1892లో, చిన్నాయన 1912లో విజ్డెన్ అనే క్రికెట్ వార్షిక గ్రంథం ఎంచే 'ఏటి మేటి క్రికెటర్ల'లో నిలిచారు. ఇరవై ఏళ్ల తేడాతో అదే పేరు రెండుసార్లు. జాబితా పైపైన చూసేవారు ఒకే మనిషి అనుకునే ప్రమాదం ఉంది.

పొడి అక్షరాలే మనిషి పేరైపోయిన సందర్భాలూ ఉన్నాయి. వేల్స్ రగ్బీలో జాన్ విలియమ్స్ అని ఒక ఫుల్‌బ్యాక్ ఉండేవారు, బ్రిడ్జెండ్ మనిషి, తరువాత ఎముకల సర్జన్. 1973లో ఇంకో జాన్ విలియమ్స్ జట్టులోకి వచ్చారు, వింగ్ మీద మెరుపులా పరిగెత్తే ఆటగాడు. అప్పటి నుంచి మొదటాయన జె.పి.ఆర్., రెండో ఆయన జె.జె. అయ్యారు. 1974లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి రగ్బీ జట్టు బ్రిటిష్ లయన్స్ దక్షిణాఫ్రికా పర్యటనలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టులో ఇద్దరూ ఉన్నారు. జె.జె. టెస్టుల్లో నాలుగు ట్రైలు వేశారు. ఇక్కడ భారమంతా చిన్నవాడి మీదే పడే సమస్య రాలేదు, ఎందుకంటే కొత్తవాడు వచ్చినప్పుడు పాతవాడు కూడా తన పేరు మార్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరూ సమానంగా అక్షరాలు మోశారు.

ఫుట్‌బాల్‌లో ఆ అదృష్టం దక్కలేదు. 1986 మెక్సికో ప్రపంచకప్‌కు వెళ్లిన ఇంగ్లండ్ జట్టులో గ్యారీ స్టీవెన్స్‌లు ఇద్దరు, ఇద్దరూ డిఫెండర్లే, పుట్టుకలో ఏడాదే తేడా. ఎవర్టన్ గ్యారీ రెండో నంబరు చొక్కాతో రైట్‌బ్యాక్‌గా ఆడేవారు. టాటెన్‌హామ్ గ్యారీ పదిహేనో నంబరు. పరాగ్వే మీద రెండో సగంలో పీటర్ రీడ్ బయటికి వెళ్లగా టాటెన్‌హామ్ గ్యారీ లోపలికి వచ్చారు, కాసేపు ఇద్దరు గ్యారీ స్టీవెన్స్‌లు ఒకే మైదానంలో ఒకే రంగు చొక్కాలో ఆడారు. ఎవర్టన్ గ్యారీకి 46 అంతర్జాతీయ మ్యాచ్‌లు, టాటెన్‌హామ్ గ్యారీకి 7. ఆ ఏడు మ్యాచ్‌ల గ్యారీయే 1983 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో బ్రైటన్ తరఫున మాంచెస్టర్ యునైటెడ్ మీద స్కోరు సమం చేసిన గోల్ కొట్టారు. ఆ గోల్ ఎవర్టన్ గ్యారీదనుకునేవాళ్లు ఉంటారు.

క్రికెట్‌లో ఒకే పేరువాళ్ల ఇంకో గుంపు మైక్ స్మిత్‌లది. వార్విక్‌షైర్ ఎం.జె.కె. స్మిత్ 50 టెస్టులు ఆడి, 25 టెస్టులకు కెప్టెన్‌గా ఉండి, ఇంగ్లండ్‌కు రగ్బీ కూడా ఆడారు. మిడిల్‌సెక్స్ ఎం.జె. స్మిత్ ఐదు వన్డేలు. గ్లూస్టర్‌షైర్ ఎ.ఎం. స్మిత్‌కు దక్కింది ఒక్క టెస్టు, 1997 జూలై, హెడింగ్లీ, ఆస్ట్రేలియా మీద. యార్క్‌షైర్‌లోనే డ్యూస్‌బరీలో పుట్టిన ఎడమచేతి స్వింగ్ బౌలర్, సొంత గడ్డ మీద మొదటి టెస్టు. మాథ్యూ ఎలియట్ 29 దగ్గర ఉండగా స్మిత్ బంతికి బ్యాటు అంచు తగిలింది. స్లిప్‌లో గ్రాహమ్ థోర్ప్ చేతుల్లోకి వెళ్లిన క్యాచ్ జారిపోయింది. ఎలియట్ 199 చేశారు. స్మిత్‌కు వికెట్ దక్కలేదు, 89 పరుగులు ఇచ్చుకున్నారు. మళ్లీ టెస్టు రాలేదు. స్కోర్‌కార్డులో వదిలేసిన క్యాచ్‌కు గడి ఉండదు. ఆ మ్యాచ్ కార్డులో స్మిత్ పేరు ఎదురుగా వికెట్ల గడిలో సున్నా మాత్రమే కనపడుతుంది.

ఒకే పేరువాళ్లను విడదీయాలంటే నేనిప్పుడు ఒక వరస పాటిస్తాను. ముందు పుట్టిన తేదీ, ఊరు. తరువాత మొదటి మ్యాచ్, ఆఖరి మ్యాచ్ సంవత్సరాలు. ఆ తరువాతే జట్టు, ఆట తీరు. జట్టును, ఆట తీరును ముందు పట్టుకుంటే ఎ., ఎ.ఎల్. జోన్సుల దగ్గర బోల్తా పడతాం. పొడి అక్షరాలను అన్నిటికన్నా ఆఖర్న నమ్ముతాను. అచ్చు తప్పులు మొదట పడేవి వాటి మీదే.

ఇప్పుడు ఇంగ్లండ్ టెస్టు ఆటగాళ్లకు వరుస సంఖ్యలున్నాయి. ఆడిన క్రమంలో ఒక్కొక్కరికి ఒక నంబరు, ఇంకెవరికీ ఇవ్వనిది. 2020 జూన్‌లో, లార్డ్స్ మ్యాచ్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంలో, ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు అలన్ జోన్స్‌కు ఒక నంబరు, కొత్త టోపీ ఇచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై ఒక్క ఏళ్లు. ఆ మ్యాచ్ ఇప్పటికీ టెస్టు కాదు. ఆయన చేసిన ఆ ఐదు పరుగులు ఇప్పటికీ టెస్టు లెక్కలో లేవు. కానీ జాబితా తెరిస్తే 695 దగ్గర 2019లో మొదలుపెట్టిన జాక్ క్రాలీ ఉంటారు, 697 దగ్గర 2021లో వచ్చిన డాన్ లారెన్స్ ఉంటారు. మనవళ్ల వయసున్న ఆ ఇద్దరి మధ్య, 696 దగ్గర, 1970లో లార్డ్స్‌లో ఓపెనింగ్‌కు దిగిన వెలిండ్రె అలన్ జోన్స్ ఉన్నారు.